రూపాయికొక సాక్షి

ఊటపాలెంలో ఊట ఉన్నది పేరులోనే. తవ్విన బావులన్నీ అడుగున రాయి చూపించాయి గానీ నీళ్లు చూపించలేదు. పడమటి వీధి చివరి బోరింగు ఒక్కటే, ఎవరి పుణ్యమో, వేసిన నాటి నుంచి నీళ్లు పోస్తూ ఉంది. అది వేసిన ఏడే పెద్ద గాలివాన వచ్చింది. ఆ ఏడే మాలకొండమ్మ ఆ ఊరికి కోడలై వచ్చింది. కొత్తకోడలు కొట్టిన మొదటి బిందె నీళ్లు తుప్పురంగులో వచ్చాయని అత్తగారు ఆరు నెలలు సాధించింది. ఆ బోరింగుకీ ఆ కోడలికీ ముప్పై ఏళ్ల స్నేహం.

అందుకే పోయిన ఎన్నికల్లో సర్పంచిగా నిలబడ్డప్పుడు మాలకొండమ్మ జీపు కట్టలేదు, పాటలు పెట్టలేదు. బోరింగు గట్టెక్కి ఒకటే మాటన్నది. "ఈ బోరింగు ఆగితే మూడో రోజుకల్లా బాగుచేయిస్తా. చేయించలేకపోతే ఆ కుర్చీలో కూచోను." అంతే, గెలిచింది.

బోరింగు గొట్టంలో తోలు వాషరని ఒకటి ఉంటుంది, అరచేతిలో ఇమిడేంత. అది అరిగిందా, పిడి ఎంత కొట్టినా గాలే. ఏటా ఎండలు ముదిరే ముందు అది అరగడం, ఖాసిం వచ్చి మార్చడం మామూలు. ఈ ఖాసిం ఎండాకాలం బోరింగులు బాగుచేస్తాడు, పెళ్లిళ్ల కాలం మైకుసెట్టు అద్దెకిస్తాడు. రెండూ కలిసిన నెలల్లో నిద్రపోడు.

ఈ ఏడు వాషరు మామూలుగానే అరిగింది. మార్చడం దగ్గరే వచ్చింది తంటా.

ఎక్కడో, ఏదో ఊళ్లో, ఎవరో పంచాయతీ డబ్బు తిన్నారు. తిన్నవాళ్లకు అరిగింది గానీ విన్నవాళ్లకు అరగలేదు. పట్నంలో సభ పెట్టారు. ఒక పెద్దాయన బల్లగుద్ది, "ఇకమీదట పంచాయతీలో ఖర్చయ్యే ప్రతి రూపాయికీ సాక్షి ఉండాలి!" అన్నాడు. సభంతా చప్పట్లు. మాట మంచిదే, ఎవరు కాదంటారు? కాకపోతే ఆ మాట పట్నం నుంచి జిల్లాకూ, జిల్లా నుంచి డివిజనుకూ, అక్కడి నుంచి మండలానికీ మెట్టు మెట్టుకొక సంతకం తగిలించుకుంటూ దిగింది. పైన మాటగా బయల్దేరినది కిందికొచ్చేసరికి ఉత్తర్వయి కూచుంది.

పంచాయతీ కార్యదర్శి నరహరి దాన్ని కళ్లకద్దుకొని చదివాడు. పింఛనుకు పద్నాలుగు నెలలున్న మనిషి. ఏ కాగితాన్నీ 'ఇదేమిటి' అని అడక్కుండా ముప్పై ఆరేళ్లు నెగ్గుకొచ్చాడు.

"'గ్రామ పంచాయతీల యందు నిధుల దుర్వినియోగ నివారణ నిమిత్తం, వ్యయమగు ప్రతి ఒక్క రూపాయికి ఒక్కొక్క సాక్షి చొప్పున హాజరుపరచి, సదరు సాక్షి సదరు రూపాయిని కళ్లారా చూసినట్లు సంతకం గాని వేలిముద్ర గాని తీసుకొనవలెను. ఒకే సాక్షి రెండు రూపాయలను చూడరాదు. చూసిన యెడల రెంటిలో దేనినీ సరిగా చూడనట్లే భావించబడును.'"

"అంటే ఏందయ్యా?" అన్నది మాలకొండమ్మ.

"అంటే అంతేనమ్మా."

"పది రూపాయలు ఖర్చుపెడితే పదిమందా?"

"పదిమందేనమ్మా. పదిమందిలో చెప్పుకునే మాటన్నా అవుద్ది."

మాలకొండమ్మ ఆలోచించింది. ఇదంతా ఎందుకొచ్చిన గొడవని కొంగుముడి విప్పి తన డబ్బుతోనే ఖాసిం దగ్గర వాషరు కొన్నది. పొద్దు గూకకముందే బోరింగు భళ్లున పోసింది.

రెండు రోజులు పోసింది. మూడో రోజు జీపు వచ్చింది.

జీపులోంచి ఆర్థిక శుచి విభాగం ప్రత్యేకాధికారి విశ్వంభరం గారు దిగారు. ఆ విభాగం పుట్టి ఇంకా నలభై రోజులు కాలేదు. పురిటివాసన పోకముందే జీపు, ముద్రలు, లక్కకడ్డీలు అన్నీ అమరాయి. విశ్వంభరం గారు చెడ్డవారేమీ కారు. ఎదురొచ్చిన ముసలివాళ్లందరికీ నమస్కారం పెట్టారు. పిల్ల ఒకతె బిందె నింపుకుంటుంటే అక్కడే ఆగిపోయారు.

"ఇందులో నీళ్లు వస్తున్నాయే?"

"వస్తన్నాయి సారూ," అన్నది మాలకొండమ్మ సంబరంగా.

"ఎందుకు వస్తున్నాయి?"

బోరింగులోంచి నీళ్లెందుకొస్తాయని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు.

"రికార్డుల ప్రకారం ఈ బోరింగు వాషరు అరిగిపోయి ఉన్నది. అరిగిన వాషరుతో నీళ్లు రాకూడదు. వస్తున్నవి గనుక, లోపల లెక్కలో లేని వాషరు ఒకటి ఉన్నట్లు ప్రాథమికంగా రుజువవుతున్నది."

"అది నేనే కొన్నా సారూ, నా డబ్బులు పెట్టి."

విశ్వంభరం గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మా, పంచాయతీ సొమ్ము సొంతానికి వాడుకోవడం ఎటువంటిదో, సొంత సొమ్ము పంచాయతీలో కలపడమూ అటువంటిదే. రేపు మీరు ఈ బోరింగు నాదని దావా వేస్తే?"

"బోరింగును నేనేం చేసుకుంటా సారూ? మెళ్లో ఏసుకుంటానా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే ఖాసింను పిలిపించి వాషరు తీయించారు. కవరులో వేసి, లక్క కరిగించి, ముద్ర కొట్టి, పైన రాయించారు: 'అనధికార వాషరు, ఒకటి, తడిసినది.'

జీపు వెళ్లిపోయింది. బోరింగు మళ్లీ గాలి పోసింది.

ఇక నీళ్లకు కిలోమీటరున్నర దూరంలో చేలమధ్య మోటారొక్కటే గతి. అదీ కరెంటున్నప్పుడు. మాలకొండమ్మ పొద్దున్నే రెండు బిందెలతో బయల్దేరేది. ఒకటి తన ఇంటికి, ఒకటి ఎదురింటి అచ్చమ్మకి. అచ్చమ్మ వరసకు అత్త. పోయిన కార్తీకంలో పడి తుంటి విరిగింది. మంచం దిగలేదు గానీ నోరు మాత్రం వీధి చివరి దాకా నడిచొచ్చేది.

"ఏమే కోడలా, గట్టెక్కి మూడో రోజన్నావే, ఆ మూడో రోజు ఇంకా కాలేదటే?"

"ఐదో రోజత్తా."

"మరి కుర్చీ?"

"దిగా."

నిజమే, దిగింది. నాలుగో రోజు నుంచి పంచాయతీ ఆఫీసులో కుర్చీ ముట్టుకోలేదు. గడప మీద కూచొని ఒళ్లో రిజిస్టరు పెట్టుకొని సంతకాలు పెడుతోంది. సర్పంచి కిందా తాను పైనా కూచోవడం బాగుండదని నరహరి నిలబడ్డాడు. పింఛను ముందర మోకాళ్ల నొప్పులు తెచ్చుకున్నాడు.

"అత్తా, ఆ బిందెడూ ఒక్కరోజే తాగేశావే?"

"తాగకేం చేస్తా? ఎండ తాగనిస్తదా? రేపటి నుంచి సగమే తాగుతాలే. నీ నడుం నాకు తెలవదా?" అన్నది అచ్చమ్మ అటు తిరిగి.

ఆ 'సగమే తాగుతాలే' అన్న మాట మాలకొండమ్మకు నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారగానే గడప మీద కూచుంది. "సెక్రెటరయ్యా, సాక్షుల్నే పిలుద్దాం. ఎందరవుతారో లెక్కేయి."

వాషర్లు రెండు వేయాలన్నాడు ఖాసిం, తొంభై. గొట్టాలు పైకి తీసి దించే కూలి నూట యాభై. మొత్తం రెండు వందల నలభై. అంటే రెండు వందల నలభై మంది. ఊరి ఓట్లు మూడు వందల పదకొండు. గట్టిగా అనుకుంటే కుదురుతుంది.

మండలం నుంచి అనుమతి వచ్చింది, షరతులతో. పదిరూపాయల నోట్లు పనికిరావు. నోటులో పది రూపాయలు ఒకదానికొకటి అంటుకొని ఉండటం వల్ల ఎవరు ఏ రూపాయిని చూశారో తేలదట. అన్నీ రూపాయి బిళ్లలే కావాలి, బిళ్లబిళ్లకూ నెంబరుండాలి. మొగుడూ పెళ్లాలకు పక్కపక్క రూపాయలివ్వకూడదు, కూడబలుక్కుంటారు.

నరహరి సంతంతా తిరిగి బిళ్లలు పోగేశాడు. ఇంట్లో కూచొని చిన్న కాగితం ముక్కల మీద నెంబర్లు రాసి, అన్నం మెతుకులతో ఒక్కొక్క బిళ్లకూ అంటించాడు. ఆ రోజు వాళ్లింట్లో కూరకు అన్నం చాల్లేదు.

మిరపకోతల రోజులు. కూలి పోతుందని తెలిసీ జనం వచ్చారు. నీళ్లు కదా మరి. వీధి పొడవునా వరసగా కూచున్నారు. ఎవరి రూపాయి నెంబరు వాళ్లకిచ్చారు. గంట గడిచేసరికి ఊళ్లో మనుషుల పేర్లు పోయి రూపాయలే మిగిలాయి.

"ఏయ్ నలభై మూడూ, జరుగు. నీడకొస్తా."

"నూట పన్నెండు యాడికి పోయాడు?"

"బీడీకి పోయాడు. నూట పదమూడుకి చెప్పిపోయాడు."

"మా తోడల్లుడికి పంతొమ్మిదిచ్చి నాకు నూట తొంభై ఇస్తారా? పెద్దల్లుణ్ణి నేను!" అని ఒకాయన అలిగి, బతిమాలించుకొని, మళ్లీ కూచున్నాడు.

అచ్చమ్మను మంచంతో సహా నలుగురు మోసుకొచ్చారు. ఆమెకు రెండు వందల ముప్పై ఏడో రూపాయి వచ్చింది. "ఇంత ముసలిదాన్ని, ఇంత చివర రూపాయా?" అని సణిగి, కాగితం ముక్కను కొంగున ముడేసుకుంది.

విశ్వంభరం గారు గొడుగు కింద కూచున్నారు. నరహరి బిళ్ల తీసి పైకెత్తడం, ఆ నెంబరు మనిషి లేచి, "చూశా" అని వేలిముద్ర వేయడం, బిళ్ల ఖాసిం దోసిట్లో పడటం. పొద్దున మొదలైంది, నడినెత్తిన ఎండొచ్చేదాకా నడిచింది. రెండు వందల ముప్పై అయింది. ఇంకో పది బిళ్లలు పడితే పని అయిపోయేది.

అక్కడ మాలకొండమ్మ ఒక పొరపాటు చేసింది. పొరపాటనడానికి లేదు, అలవాటు. ఆమె కాపరానికొచ్చాక అడిగిన ధర అడిగినట్టు ఇచ్చిన పాపాన పోలేదు. కాశీకి పోయినా గంగాజలం బేరమాడే మనిషి. నోరు ఊరుకోలేదు.

"ఒరే ఖాసిమూ, ఇంక చాల్లేరా. ఊరంతా ఎండలో కూచుంది. ఆ పదీ వదిలెయ్యి."

"అట్టాగే పిన్నమ్మా, నీ మాట కాదంటానా? వదిలేశా," అన్నాడు ఖాసిం.

జనం హమ్మయ్య అనుకొని లేచారు. గొడుగు కింద నుంచి, "ఆగండి!" అని వినపడింది.

"సాక్షులు రెండు వందల నలభై. ఖర్చు రెండు వందల ముప్పై. తేడా పది. ఆ పది రూపాయలు ఏవి?"

"మిగిలాయి సార్," అన్నాడు నరహరి.

"మిగిలాయా? నా ఇరవై రెండేళ్ల సర్వీసులో పంచాయతీలో డబ్బు మిగలడం నేను చూడలేదు. దీని వెనక ఏదో ఉన్నది. ఇప్పుడు ఎక్కడున్నవి?"

"నా చేతిలో ఉన్నాయి సార్."

"చేతిలో." విశ్వంభరం గారు గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. చేతివాటం."

చేతిలో ఉన్నదాన్ని చేతిలో ఉందనడమేగా నరహరి చేసింది!

"మేం చూస్తన్నాంగా సారూ, ఆయన చేతిలోనే ఉన్నాయి!" అని మిగిలిన పదిమందీ అరిచారు.

"మీరు ఖర్చుకు సాక్షులు. మిగులుకు కాదు. మిగులును మీరు చూసినా చూడనట్లే."

"నా రూపాయి ఏదయ్యా?" అని మంచం మీంచి అచ్చమ్మ అడిగింది. "పొద్దుటాల నుంచీ కళ్లు చిల్లులు చేసుకొని కూచున్నా."

"మీ రూపాయి విచారణలో ఉన్నది, అమ్మమ్మగారూ," అన్నారు విశ్వంభరం గారు ఎంతో మర్యాదగా.

వాషర్లు ఒక కవరులో, పది బిళ్లలు ఒక కవరులో, లక్కముద్ర. వారం రోజుల్లో ఇక్కడే బహిరంగ విచారణ. సర్పంచి అధికారాలు ఎందుకు తీసివేయకూడదో సర్పంచే చెప్పుకోవాలి. నోటీసు మాలకొండమ్మ వేళ్ల మధ్య పెట్టి జీపెక్కారు.

ఆ సాయంత్రం నరహరి గడప పక్కన నిలబడి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒక దారుంది. లక్ష దాటిన పనులకు సాక్షులక్కర్లేదు. లక్షమందిని ఒకచోట పోగేస్తే తొక్కిసలాటవుతుందని మినహాయించారు. వాషరును లక్షా ఒక్క రూపాయికి రాస్తే ఒక్క మనిషీ రానక్కర్లేదు. అరగంటలో అనుమతి."

"లక్ష రూపాయల వాషరేస్తే నీళ్లొస్తాయా, పాలొస్తాయా?" అన్నది మాలకొండమ్మ. నవ్వింది గానీ ఆ మాట ఆమె మనసులో దిగబడింది. "ఇంతకు ముందు అట్టా ఎవరన్నా రాశారా?"

నరహరి వీధి మొగదల వైపు చూశాడు. అక్కడొక గుంట ఉంది. పోయిన నెల ఎవరో వచ్చి తవ్విపోయారు.

"అది శుచి స్తంభమమ్మా. ఆర్థిక శుచి ఉద్యమానికి గుర్తుగా ఊరూరా ఒకటి. మన పంచాయతీ డబ్బుతోనే. ఆరు లక్షల డెబ్బై వేలు. బిల్లు అయిపోయింది."

"సంతకం ఎవరు పెట్టారు?"

"మీరేనమ్మా."

"నేనెప్పుడు పెట్టా?"

"మీరంటే, మీ కంప్యూటరు సంతకం కీ. అది ఊళ్లో ఉంటే దుర్వినియోగమవుతుందని మండలాఫీసులోనే భద్రంగా పెట్టారుగా. అది పెట్టింది."

మాలకొండమ్మ తన కుడిచేతి వేలు చూసుకుంది. తన వేలు తన దగ్గరే ఉంది, సంతకం మాత్రం మండలంలో కాపరం చేస్తోంది.

మర్నాడు సాయంత్రం మోటారు నుంచి బిందె చంకనెత్తుకొని వస్తుంటే తూర్పువీధిలో పెళ్లి. పందిట్లో ఖాసిం మైకు పట్టుకొని చదివింపులు చదువుతున్నాడు.

"మాచవరం వాస్తవ్యులు, పెళ్లికూతురి మేనమామగారు, చదివించినవి, అక్షరాలా ఐదు వందల పదహార్లు!"

జనం అన్నాలు మానేసి వింటున్నారు. ఎవరెంత చదివించారు, ఎవరి తరఫున చదివించారు, ఒక్క పైసా గాలికి పోవడం లేదు. మాలకొండమ్మకు ఆడబిడ్డ పెళ్లి గుర్తుకొచ్చింది. పెళ్లికొడుకు పెదనాన్న యాభై ఇచ్చి ఐదువందలని చెవిలో చెబితే మైకాయన అలాగే చదివాడు. ఆడవాళ్ల బంతిలోంచి ఆయన భార్యే లేచి, "పొద్దున నా పెట్టెలోంచి తీసింది యాభయ్యే!" అన్నది. పందిరంతా ఘొల్లుమంది. మైకులో చదివిన అబద్ధాన్ని కట్టుకున్నది కూడా కాయదు.

మాలకొండమ్మ బిందె దించి అక్కడే నిలబడిపోయింది. ఖాసిం కిందికి దిగగానే, "ఒరే అబ్బాయా, వారంలో నీ మైకు నాక్కావాలి. అద్దె సంగతి తర్వాత," అన్నది.

"ఎవరి పెళ్లి పిన్నమ్మా?"

"బోరింగుది."

విచారణ రోజు వచ్చింది. బోరింగు గట్టు పక్కన బల్ల వేశారు. కవర్లు మూడూ వరసగా పెట్టారు. జనం కోతలు మానుకొని మళ్లీ వచ్చారు. అచ్చమ్మ మంచమూ వచ్చింది. గట్టు మీద మైకు చూసి విశ్వంభరం గారు ఇదేమిటన్నారు.

"సాక్షులెక్కువయ్యారు సారూ. వెనకోళ్లకు మీ మాట వినపడదని," అన్నది మాలకొండమ్మ.

తన మాట వెనకవాళ్లకు వినపడటం ఎవరికి చేదు? ఆయన ముందుగా తానే మైకు అందుకొని నిధుల శుచి గురించి పావుగంట మాట్లాడారు. "పారదర్శకతయే పంచాయతీకి ప్రాణవాయువు. ప్రజలు ప్రతి రూపాయినీ చూడాలి!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. గాలి తప్ప ఏమీ రాని బోరింగు పక్కనే నిలబడి ప్రాణవాయువన్నందుకు కొందరు గట్టిగా కొట్టారు.

"ఇక సర్పంచి గారు తమ వివరణ ఇచ్చుకోవచ్చు."

"నాకు వివరణలు రావు సారూ. మా ఊళ్లో డబ్బుకు సాక్ష్యం ఎట్టా పెడతామో చూపిస్తా. సెక్రెటరయ్యా, ఆ రిజిస్టరు తియ్యి. ఖాసిమూ, చదువు."

ఖాసిం గొంతు సవరించుకున్నాడు.

"పడమటి వీధి బోరింగు గారికి, ఊటపాలెం పంచాయతీ వారు చదివించినవి, వాషర్లకూ కూలికీ కలిపి, అక్షరాలా రెండు వందల ముప్పై రూపాయలు!"

"చూశాం!" అన్నారు జనం.

విశ్వంభరం గారు చిరునవ్వు నవ్వారు. ఇంతవరకూ బాగానే ఉంది.

"వీధి దీపాల వారికి, బల్బులు నాలుగు, మూడు వందల ఇరవై!"

"చూశాం! ఒకటి మాడిపోయింది!"

"మాడింది కూడా చూశాం!"

నరహరి తర్వాతి పేజీ దగ్గర ఆగాడు. మాలకొండమ్మ వైపు చూశాడు, అధికారి వైపు చూశాడు, పింఛను వైపు కూడా చూసే ఉంటాడు. ముప్పై ఆరేళ్లలో మొదటిసారి ఎవరినీ అడక్కుండా పేజీ తిప్పి ఖాసిం ముందు పెట్టాడు.

"వీధి మొగదలలో ఉన్న శుచి స్తంభం గారికి, మన పంచాయతీ వారు చదివించినవి, అక్షరాలా, ఆరు లక్షల... డెబ్బై వేలు!"

ఎవరూ 'చూశాం' అనలేదు. మైకు హుయ్‌మన్నది.

మంచం మీద నుంచి అచ్చమ్మ లేచి కూచుంది. "ఎవరి తరఫున్రా ఖాసిమూ అది? మగపెళ్లివారా, ఆడపెళ్లివారా?"

"రాయలేదవ్వా."

"స్తంభం యాడుందిరా?"

"గుంటుందవ్వా."

వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తాడు. "మా మేక చూసింది. మొన్న అందులోనే పడింది."

"ఆరు లక్షల డెబ్బై వేలకు సాక్షి ఒక్క మేకేనా?" అన్నది మాలకొండమ్మ నెమ్మదిగా. "దానితో వేలిముద్ర ఏయిద్దామా సారూ?"

నవ్వు ఆ చివర మొదలై ఈ చివరకొచ్చింది. విశ్వంభరం గారి నోరు తడారిపోయింది. ఇంతలో ఆయన ఫోను మోగింది. ఖాసిం మైకు గొట్టాల్లో ఒకటి మండలం వైపు తిరిగి ఉంది. గాలి కూడా అటే వీస్తోంది.

"అవునండి... విచారణలోనే ఉన్నానండి... అక్కడికి వినపడుతోందాండి?... మేకండి... అది సామెత కాదండి, మేకేనండి..."

ఫోను పెట్టి నుదురు తుడుచుకున్నారు. "కాస్త మంచినీళ్లు ఇప్పించండి."

"బోరింగులో ఉన్నాయి సారూ," అన్నది మాలకొండమ్మ. "వాషర్లు మీ కవరులో ఉన్నాయి."

వెక్కిరింతగా అనలేదు, ఉన్న సంగతే చెప్పింది. విశ్వంభరం గారు కవరు చూశారు, ఎండ చూశారు, జనాన్ని చూశారు. చివరికి గుమాస్తాతో, "రాసుకోండి. విచారణాధికారి దాహార్తి దృష్ట్యా, ముద్ర తాత్కాలికంగా తొలగించడమైనది," అన్నారు.

ఖాసిం గొట్టాలు తీసి వాషర్లు వేసేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఎవరూ కదల్లేదు. పిడి పట్టుకున్నది మాలకొండమ్మే. రెండు దెబ్బలు గాలి, మూడో దెబ్బకు తుప్పునీళ్లు, కాపరానికొచ్చిన మొదటి రోజులాగే. ఆరో దెబ్బకు తెల్లగా, చల్లగా. మొదటి గ్లాసు విశ్వంభరం గారికిచ్చింది, ఇంటికొచ్చిన మనిషి కదా. రెండో చెంబు అచ్చమ్మ మంచం దగ్గరకు తీసుకుపోయింది.

"నిండా తాగత్తా. సగం కాదు."

అచ్చమ్మ గుటక గుటకకూ ఆగుతూ చెంబంతా తాగింది. చెంబు బోర్లించి చూపింది. "ఇక పోయి కూచోవే కుర్చీలో. గడప మీద కూచుంటే లక్ష్మి లోపలికి ఎట్టా వస్తది?"

నరహరి పరుగున పోయి ఆఫీసులో కుర్చీ దులిపాడు. ఆమె కూచున్నాక ఆయనా కూచున్నాడు, మోకాళ్లు పట్టుకొని.

సర్పంచి మీద నోటీసు ఏమైందో ఎవరికీ తెలియదు. అది వచ్చినంత హడావుడిగా పోలేదు. శుచి స్తంభం మాత్రం ఎనిమిది రోజుల్లో లేచింది. రాత్రింబవళ్లు కట్టారు. అక్కర ఏమిటో తెలియదు గానీ మంచి ఎత్తయింది. ఖాసిం తన మైకు గొట్టాలు రెండూ దాని మీదే కట్టేశాడు. శుక్రవారం శుక్రవారం పంచాయతీ చదివింపులు అక్కడి నుంచే.

పై నుంచి కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. రూపాయికొక సాక్షి నిబంధన నిలుపుదల చేయడమైనదట. పోతే, శబ్ద కాలుష్యం దృష్ట్యా లక్ష దాటిన ఖర్చులను మైకులో చదవరాదట. ఊటపాలెం వాళ్లు ఉత్తర్వు మీరే మనుషులు కారు. అటువంటిది వచ్చినప్పుడు ఖాసిం, "ఇప్పుడు లక్ష దాటినది ఒకటి ఉంది. దాన్ని చదవడం లేదు!" అని గట్టిగా చెబుతాడు. జనమంతా లేచి రిజిస్టరు చూడటానికి పోతారు.

మొదటి శుక్రవారం చదివింపుల రోజునే మండలం నుంచి కవరొకటి వచ్చింది. లక్కముద్ర పగలగొడితే అందులో పది రూపాయి బిళ్లలు, ఎండిన మెతుకులతో అంటుకున్న నెంబర్లతో సహా. వెంట ఒక చీటీ: 'మిగులు అను పద్దు రికార్డులలో లేనందున తిరిగి పంపడమైనది.'

ఖాసిం మైకందుకున్నాడు. "ఊటపాలెం పంచాయతీ గారికి, సర్పంచి పిన్నమ్మ బేరమాడి మిగిల్చి చదివించినవి, అక్షరాలా, పది రూపాయలు!"

"ఇట్టా తీసుకురాయ్యా," అని మంచం మీంచి పిలుపు. నరహరి పళ్లెంలో బిళ్లలు పోసుకొని పోయాడు. అచ్చమ్మ కొంగుముడి విప్పి నలిగిన కాగితం తీసింది. బిళ్లలు ఒక్కొక్కటే తిప్పింది. ఏడోదాని దగ్గర ఆగి, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూసింది.

"రెండు వందల ముప్పై ఏడు. ఇదేనయ్యా. చూశా, రాసుకో," అని బిళ్లను పళ్లెంలో వేసి, వేలిముద్రకు బొటనవేలు చాచింది.